కొత్త భోజనశాలలో ఎవరూ కూర్చోవడం లేదు. తప్పు భవనానిదా, మనుషులదా?

నిలువుగీత | సోమవారం, ఉదయం 9:40

నేను ఆర్కిటెక్టును. రెండేళ్ల కిందట ఒక సంస్థకు భోజనశాల గీసి ఇచ్చాను. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు. ఒకేసారి 120 మంది తినవచ్చు. ఒక పక్క నిండా అద్దాలు, కింద నున్నటి గ్రానైటు, పైన ఒక్క అతుకు కూడా కనబడని తెల్లటి పైకప్పు. ఫొటోల్లో ఎక్కడా వంక పెట్టలేరు.

అంతకుముందు అక్కడివాళ్లు రేకుల షెడ్డులో తినేవారు. దానికి మూడు వైపులా గోడలే లేవు. వాన జల్లు కొడితే బెంచీలు లోపలికి లాక్కునేవారు, ఎండ తిరిగితే ఇంకో పక్కకు. ఇప్పుడు ఆ షెడ్డులో విరిగిన బల్లలు పడేశారు.

పోయిన వారం పని మీద అటు వెళ్లి భోజనవేళకు ఆగాను. నా హాల్లో జనం పావుగంటలో తిని లేచిపోతున్నారు. ఓ పాతిక మంది మాత్రం కంచాలు చేతబట్టుకొని బయటికి నడిచి, షెడ్డు పక్కన సామాన్లు దించే మెట్ల మీద చేరారు. నవ్వులన్నీ అక్కడే. వారిలో ఒకాయనను కారణం అడిగాను. "హాలు చాలా బాగుందండీ, అందుకే ఇక్కడ కూర్చున్నాం" అన్నాడు. వెటకారం కాదు, మర్యాదగానే అన్నాడు. ఆ మాట వారం రోజులుగా నన్ను తొలిచేస్తోంది.

ఎక్కడ తప్పాను? ఓదార్పులు వద్దు.

పెద్దగరిటె | సోమవారం, ఉదయం 10:25

ముప్పై ఏళ్లుగా పెద్ద వంటశాలల్లో ఉన్నవాణ్ణి. మూడు ప్రశ్నలు అడుగుతాను. చేతులు కడుక్కునే చోటు ఎక్కడ పెట్టారు? వండేవాళ్లకు తినేవాళ్లు కనిపిస్తారా? వడ్డన కోసం నిలబడే వరుస ఎటు పోతుంది, తినేవాళ్ల వీపుల వెనక నుంచేనా?

మీరిచ్చిన వివరాల్లో ఈ మూడూ లేవు. నేల గ్రానైటు అని మాత్రం ఉంది. తడి కాళ్లు తిరిగే చోట నున్నటి రాయి పరిచినవారి చేత ఒక్కరోజు నిండు గంగాళం మోయించాలి. కోపగించుకోకండి, ఓదార్పు వద్దన్నారు కాబట్టి రాశాను.

అనుమానం | సోమవారం, ఉదయం 11:02

తప్పు మీది కాకపోవచ్చు. ఈ రోజుల్లో ఎవరి చేతిలో చూసినా ఫోనే. షెడ్డు రోజుల్లో పక్కవాడి ముఖం తప్ప చూడటానికి ఇంకేమీ లేదు, అందుకే మాట్లాడుకున్నారు. అలవాట్లు మారితే గోడలు ఏం చేస్తాయి? పాతది ఏది పోయినా, అందులో అందరూ అన్నదమ్ముల్లా ఉండేవారని చెప్పుకోవడం మనుషులకు ఒక జబ్బు.

మెట్లమీద | సోమవారం, ఉదయం 11:09

అనుమానం గారూ, మెట్ల మీద కూర్చున్నవాళ్లకూ ఫోన్లు ఉన్నాయి కదండీ.

అనుమానం | సోమవారం, ఉదయం 11:15

ఉన్నాయి. సరే, ఇది మీ ఖాతాలో వేసుకోండి.

పాతకాగితం | సోమవారం, మధ్యాహ్నం 2:30

అలవాటు ముందా, గోడ ముందా అన్నది ఇవాళ్టి తగువు కాదు. మనం రోజూ వాడే ఫోకస్ అనే మాటకు లాటిన్‌లో అర్థం పొయ్యి. 1604లో కెప్లర్ దాన్ని కాంతికిరణాలు కలిసే బిందువుకు పేరుగా పెట్టాడు. అంతకుముందు అది ఇంట్లోవాళ్లు కలిసే చోటు.

మధ్యయుగపు ఇంగ్లండులో గొప్పవాళ్ల ఇళ్లు ఎలా ఉండేవో చూడండి. ఒకే పెద్ద హాలు, నడుమ నేల మీద నిప్పు, పైకప్పులో పొగ పోయే సందు. దొర, నౌకరు, దారిన వచ్చిన అతిథి, అందరూ ఆ ఒక్క నిప్పు చుట్టూనే తినాలి. దాన్ని సమానత్వం అనుకోకండి. దొరగారి బల్ల ఒక కొసన ఎత్తు మీద ఉండేది. కింది కొసన కూర్చున్నవాడికి తన స్థానం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కాకపోతే పొగ మాత్రం అందరి కళ్లలోనూ పడేది.

గోడలో ఇమిడే పొగగొట్టం వచ్చాక కథ మారింది. ఏ గదికి ఆ గదిలో నిప్పు పెట్టుకోవచ్చు. పైకప్పులో సందు అక్కరలేదు కాబట్టి హాలు మీద అంతస్తు వేసుకోవచ్చు. దొర కుటుంబం లోపలి గదిలోకి జరిగింది. భోజనాల కోసమే కట్టిన హాలును వదిలేసి, పొగగొట్టం ఉన్న గదిలో ఎవరికి వారు తింటున్నారని 14వ శతాబ్దంలోనే ఒక కవి దెప్పిపొడిచాడు. ఇటుకల గొట్టం ఒకటి ఒక పంక్తిని రెండుగా చీల్చింది.

విడిగా తినాలన్న కోరిక ముందు పుట్టిందా, గొట్టం ముందు పుట్టిందా అంటే, నాకైతే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయనే అనిపిస్తుంది. అనుమానం గారు ఒక్క చేత్తోనే చప్పట్లు కొట్టమంటున్నారు.

మూడోకుర్చీ | సోమవారం, సాయంత్రం 6:48

నిప్పు మాట ఎత్తారు కాబట్టి ఆ నిప్పు దగ్గర నిలబడే మనిషి మాట కూడా రావాలి.

1926లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే వియన్నా ఆర్కిటెక్టు, ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కొత్త ఇళ్ల కోసం ఒక వంటగది రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైలు భోజనపెట్టెల్లో అంత ఇరుకులో అంత మందికి ఎలా వండుతున్నారో గమనించింది. ఏ పనికి ఎన్ని అడుగులు వేయాలి, ఎన్ని సెకన్లు పడుతుంది అని ఫ్యాక్టరీల్లో కట్టే లెక్కను పొయ్యి దగ్గరికి తెచ్చింది. దాదాపు 10 వేల ఇళ్లలో ఆ వంటగదిని పెట్టారు. ఈనాటి అపార్టుమెంట్లలో వరుసగా కనిపించే గట్లకూ, గోడ అల్మరాలకూ అదే తల్లి.

ఉద్దేశం మంచిది. ఆడవాళ్ల చాకిరీ తగ్గాలన్నదే ఆవిడ పట్టుదల. తగ్గింది కూడా. కానీ ఆ గదిలో రెండో మనిషి పట్టదు. అంతకుముందు కార్మికుల ఇళ్లలో వంట, తిండి, పిల్లల చదువు అన్నీ ఒకే గదిలో సాగేవి. ఇప్పుడు వండే మనిషి ఒంటరిదైంది. జారుడు తలుపు తీస్తే పక్క గదిలో పిల్లలు కనిపిస్తారని సర్దిచెప్పారు.

నేను అలాంటి గదిలోనే ఇరవై ఏళ్లు వండాను. చుట్టాలొస్తే కబుర్లన్నీ ముందు గదిలో. నాకు వినబడేది అందరూ నవ్విన నవ్వు ఒక్కటే, దేనికి నవ్వారో తెలిసేది కాదు. అడిగితే "ఏమీ లేదులే" అనేవారు. గీతలు గీసిన మనిషి చెడ్డది కాదు, నా చుట్టాలూ చెడ్డవాళ్లు కాదు. నడుమ 10 సెంటీమీటర్ల గోడ ఉంది, అంతే.

ఆ వంటగది గీసేనాటికి తాను వంట చేసి ఎరగనని లిహోట్స్కీ తర్వాత తానే చెప్పుకుంది. నిలువుగీత గారూ, మీరు ఎప్పుడైనా నూరు మందికి వడ్డించారా?

నిలువుగీత | సోమవారం, రాత్రి 9:20

లేదండీ. నలుగురికి కూడా వడ్డించలేదు.

పెద్దగరిటె గారికి జవాబులు. చేతులు కడుక్కునే సింకులు హాలు బయట, నడవ చివర ఉన్నాయి. హాల్లో తడి ఉండకూడదని అక్కడ పెట్టాను. వంటశాలకూ హాలుకూ మధ్య నిండు గోడ, ఊగే తలుపులు రెండు. వాసన, చప్పుడు రాకూడదని. వరుస ఎడమ గోడ పొడవునా నిలబడుతుంది. అవును, ఒక వరుస బల్లల వీపుల వెనక నుంచే.

రాస్తుంటే నాకే ఏదోలా ఉంది.

పెద్దగరిటె | మంగళవారం, ఉదయం 6:05

వంటవాడికి తినేవాడి ముఖం కనిపించకపోతే, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో వెనక్కి వచ్చిన కంచాలను బట్టి తెలుసుకోవాలి. అంటే ఎప్పుడూ ఒక పూట ఆలస్యంగా. మొదటి నలుగురు తినేటప్పుడు ముఖాలు చూడగలిగితే మిగతా నూట పదహారు మందికి సర్దుకోవచ్చు. వాసన రాకూడదన్నారు. లోపల ఏం వండారో ముక్కుకు ముందే తెలియకపోతే ఇక ఆకలి ఎలా లేస్తుంది?

ఇక చేతులు కడుక్కునే చోటు. దాన్ని మీరు మురుగు సమస్యగా చూశారు. అక్కడ జరిగేది వేరు. పరిచయం లేని ఇద్దరు పక్కపక్కన నిలబడి, చెయ్యి తుడుచుకుంటూ అర నిమిషం ఆగుతారు. ఇద్దరికీ ఇంకో పని ఉండదు. మొదటి మాట అక్కడ పడుతుంది, రెండో మాట బల్ల దగ్గర. నడవ చివర పెడితే ఆ రెండో మాటకు చోటు లేదు. కడుక్కొని అటునుంచి అటే వెళ్లిపోతారు.

శబ్దగ్రహి | మంగళవారం, ఉదయం 11:30

హాలు కొలతలు, వాడిన రాయి, గాజు చదివాక నాకు మిగతా చర్చ వినబడలేదు. మీ హాల్లో ఎవరికీ ఏదీ వినబడనట్టే.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాటలు ఒకదాని మీద ఒకటి పడి అర్థం కాకపోతే, సంగతి తేల్చమని వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి ఈ గదిలో పరిచేవాడు. ఒక ఆర్గాన్ గొట్టాన్ని మోగించి ఆపి, శబ్దం పూర్తిగా అణగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచేవాడు. తెల్లారేలోగా మెత్తలు తిరిగి వాటి చోటికి చేర్చాలి. ఆ మోతకూలీ నుంచి పుట్టిన సూత్రాన్నే మేము ఇప్పటికీ వాడుతున్నాం: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, శబ్దాన్ని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. వచ్చేది శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం.

మీ హాలు 1,200 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 800 చదరపు మీటర్లు. రాయి, గాజు, నున్నటి ప్లాస్టరు తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయని ఉదారంగా లెక్క వేశాను. ఖాళీ హాల్లో జవాబు 8 సెకన్లు. 120 మంది కూర్చుంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ కొంత పీల్చుకొని రెండున్నరకు దిగుతుంది. తిండి తినే చోట ఒక సెకను దగ్గర ఉంటే మంచిది.

తర్వాత జరిగేది ఊహించవచ్చు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో దీని గురించి రాశాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. ఈ బల్లవాళ్లు గొంతు పెంచితే ఆ బల్లవాళ్లు పెంచుతారు. పది నిమిషాల్లో అందరూ అరుస్తుంటారు, తర్వాత అందరూ మానుకుంటారు. మాట్లాడలేని చోట తినడం ఒక్కటే మిగులుతుంది. దానికి పావుగంట చాలు.

రేకుల షెడ్డులో ఏ గొప్పా లేదు. గోడలు లేవు కాబట్టి చప్పుడు బయటికి పోయింది.

మెట్లమీద | మంగళవారం, మధ్యాహ్నం 1:12

నేను పనిచేసేది ఇంకో చోట, కానీ నేనూ మెట్ల మీద తినేవాణ్ణే (పేరు చూస్తే తెలుస్తుంది). ఆ పాతిక మందీ అక్కడ ఏం చేస్తున్నారో నాకు తెలుసు.

మెట్టు మీద ఎదురెదురుగా కూర్చోనక్కరలేదు. పై మెట్టు మీద ఉన్నవాడు కింది మెట్టు వాడి తల మీదుగా దారిని చూస్తుంటాడు. ఏ మాటా తట్టకపోతే అటు చూస్తే సరి. పోయేవాళ్లలో ఎవరో ఒకరు ఆగుతారు, ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడే రెండు మాటలు అంటారు. ఆ ఒక్క కాలే ముఖ్యం. కూర్చుంటే కూర్చున్నట్టు లెక్క, లేవాలంటే సెలవు తీసుకోవాలి. కాలు పెట్టి నిలబడితే ఎప్పుడైనా కదలవచ్చు. మా దగ్గర చాలా స్నేహాలు అలా ఒక కాలితో మొదలై, వారం తర్వాత రెండు కాళ్లూ మెట్టెక్కినవే.

హాల్లో కుర్చీ లాక్కుని ఒకరి ఎదురుగా కూర్చోవడమంటే ఆ పూటకు ఆ మనిషితో ఒప్పందం రాసుకున్నట్టు. కొత్తవాళ్లకు అంత ధైర్యం ఎక్కడిది?

అనుమానం | మంగళవారం, రాత్రి 8:40

ఇన్ని లెక్కలు విన్నాక గోడలకు కొంత పాపం అంటగడతాను. కానీ ఒకటి అడగనివ్వండి. తినేటప్పుడు అందరూ మాట్లాడుకోవాలనే నియమం ఎవరు పెట్టారు?

6వ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠాలకు రాసిన నియమావళిలో భోజనవేళ మౌనం పాటించాలన్నాడు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావారు వినాలి, ఏదైనా కావాలంటే సైగ చేయాలి. ఆ మఠాల భోజనశాలలు నేటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. గోడలో ఎత్తుగా, చదివేవాడు నిలబడేందుకు ఒక రాతి గూడు, దానికి మెట్లు. శబ్దగ్రహి గారి లెక్కలో అది పనికిరాని హాలు. వాళ్ల లెక్కలో ఒక్క గొంతు అందరికీ చేరే హాలు.

నేను ఒంటరిగా తింటాను. నాకదే ఇష్టం. నలుగురినీ కలపాలనే మీ తాపత్రయంలో గోడవైపు తిరిగి ప్రశాంతంగా తినేవాడి కుర్చీ తీసేయకండి.

పాతకాగితం | మంగళవారం, రాత్రి 10:55

అనుమానం గారి మాటకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఏ గది ఎవరి కోసం అన్నది ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే గీతలు.

జపాన్‌లో 16వ శతాబ్దపు తేనీటి గురువు సెన్ నో రిక్యూ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే తేనీటి గదుల ద్వారం చూడండి. సుమారు 70 సెంటీమీటర్ల చదరపు కంత. మోకాళ్ల మీద పాకి లోపలికి వెళ్లాలి. నడుముకు కత్తితో పట్టదు, బయట పెట్టాలి. ఎంతటి యోధుడైనా తల వంచక తప్పదు. లోపల అందరూ సమానమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, తలుపు చిన్నగా పెట్టారు.

దీనికి ఎదురు ఉదాహరణ కాఫీ దుకాణాలు. 1550ల్లో ఇస్తాంబుల్‌కు వచ్చాయి. ఎవరైనా రావచ్చు, ఒక్క గిన్నె ముందు పెట్టుకొని గంటలు కూర్చోవచ్చు. 1633లో సుల్తాను నాలుగో మురాద్ వాటిని మూయించాడు. 1675 డిసెంబరు చివర్లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కూడా మూసేయమని ప్రకటించి, గగ్గోలు పుట్టడంతో జనవరిలోనే వెనక్కి తగ్గాడు. ఇద్దరికీ భయం కాఫీ మీద కాదు, అక్కడ కూర్చున్నవాళ్లు రాజు గురించి మాట్లాడుకుంటున్నారని. లండన్‌లో లాయిడ్ అనే ఆయన నడిపిన కాఫీ దుకాణంలో ఓడల కబుర్లు చెప్పుకునేవాళ్లే చివరికి అదే పేరుతో బీమా మార్కెట్టు అయ్యారు. ఇంకా చెప్పాలంటే

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 11:10

పాతకాగితం గారి పోస్టు నిడివి పరిమితి దాటి తెగిపోయింది. ఇది మూడోసారి. మిగతాది వేరే చర్చగా పెట్టమని మనవి.

నిలువుగీత | గురువారం, సాయంత్రం 5:30

ఇవాళ వెళ్లి పన్నెండున్నర నుంచి రెండు దాకా ఒక మూల కూర్చున్నాను. నోటుబుక్కు తప్ప ఏమీ తీసుకెళ్లలేదు. నేను గీసిన చోట ఒక పూటంతా కూర్చోవడం ఇదే మొదటిసారి అని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మొదట నిండినవి గోడ పక్క బల్లలు, చివర బల్లలు. నడుమ ఉన్నవి ఆఖరున, అవీ సగమే. వరుస వెనక నిలబడే బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు కంచం మీదికి వంగి తిన్నారు, వెనక నిలబడ్డవాళ్లు వాళ్ల కంచాల్లోకే చూస్తున్నారు మరి. ముగ్గురు కలిసి వచ్చారు, నలుగురు కూర్చునే బల్ల దొరికింది, బాగానే ఉంది. తర్వాత వాళ్ల స్నేహితులు ఇద్దరు వచ్చారు. ఐదో మనిషి కంచం పట్టుకొని ఓ నిమిషం బల్ల పక్కన నిలబడ్డాడు. పక్క బల్ల దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. దాన్ని లాగబోయి ఆగిపోయాడు. ఐదుగురూ లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక సంగతి రాయడం మరిచాను. కుర్చీలు కదలవు. బల్ల కాళ్లకే బిగించి ఉంటాయి. ఊడ్చేటప్పుడు సులువని సంస్థ అడిగింది, వరుసలు చెదరకుండా ఉంటాయని నేనూ సరేనన్నాను.

ఇంకొకటి. నేను పెట్టించని ఒక బోర్డు గోడ మీద ఉంది: "భోజనం ముగిసిన వెంటనే బల్ల ఖాళీ చేయగలరు."

పెద్దగరిటె | గురువారం, సాయంత్రం 5:41

కుర్చీలు బిగించారా? ఆ ముక్క సోమవారం చెప్పి ఉంటే ఇంత మంది ఇంత రాయనక్కరలేదు కదండీ.

మూడోకుర్చీ | గురువారం, రాత్రి 7:15

మీరు ఇవాళ చేసిన పనినే విలియం వైట్ అనే నగర పరిశోధకుడు 1970ల్లో న్యూయార్కు కూడళ్లలో కెమెరాలు పెట్టి ఏళ్ల తరబడి చేశాడు. ఆయన తేల్చింది వింటే ఇంతేనా అనిపిస్తుంది: కూర్చునే చోటు ఉన్న దగ్గర జనం కూర్చుంటారు. ఎంతో ఖర్చుపెట్టి కట్టిన కూడళ్లలో అదే ఉండేది కాదు. ఆయన గమనించిన ఇంకో ముచ్చట నాకు చాలా ఇష్టం. కదిలే కుర్చీ దగ్గరికి వచ్చిన మనిషి కూర్చునే ముందు దాన్ని ఓ నాలుగు అంగుళాలు జరుపుతాడు. ఎండకూ కాదు, నీడకూ కాదు, ఒక్కోసారి జరిపి మళ్లీ అక్కడికే తెస్తాడు. ఈ చోటు నాది అని చెప్పుకోవడం అది. తిండి అమ్మే బండి ఉన్న చోటికి జనం వస్తారు, జనాన్ని చూసి ఇంకొందరు వస్తారని కూడా ఆయనే రాశాడు.

అదే ఊళ్లో బ్రయంట్ పార్కు అని ఒకటి ఉంది. వీధి మట్టానికి ఎత్తుగా, చుట్టూ కంచెలు, పొదలతో లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడక మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల పాలైంది. వైట్ సలహాతో దారులు వెడల్పు చేసి, అడ్డాలు తీసి, తిండి దుకాణాలు, కదిలే కుర్చీలు పెట్టి 1992లో మళ్లీ తెరిచారు. కుర్చీలు ఎత్తుకుపోతారని అందరూ భయపెట్టారట. ఆ కుర్చీలే ఇప్పుడు దాని గుర్తు.

బల్లల సంగతి కూడా. కెనడాలోని ఒక ఆసుపత్రి ఫలహారశాలలో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వవేత్త ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో లెక్కపెట్టాడు. బల్ల మూలకు అటూ ఇటూ కూర్చున్నవాళ్ల మధ్య మాటలు, పక్కపక్కన కూర్చున్నవాళ్లకంటే రెట్టింపు. బల్లకు అడ్డంగా ఎదురెదురు కూర్చున్నవాళ్లు అందరికంటే వెనక. మీ బిగింపు కుర్చీలన్నీ ఎదురెదురే అయి ఉంటాయి.

నిలువుగీత | గురువారం, రాత్రి 7:22

అన్నీ ఎదురెదురే.

అనుమానం | గురువారం, రాత్రి 8:05

బోర్డు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు అసలు దోషి అదే అనిపిస్తోంది. కుర్చీలు విప్పి, కప్పుకు చప్పుడు పీల్చే పలకలు అతికించి, ఆ బోర్డు అలాగే ఉంచితే ఏం లాభం? తిని లేవమని గోడ చెబుతుంటే లేవకేం చేస్తారు? నేను సోమవారం నుంచి చెబుతున్నది ఇదే: అలవాట్లు.

పాతకాగితం | గురువారం, రాత్రి 9:30

చిన్నగానే రాస్తాను. 1962 నవంబరులో కోపెన్‌హాగన్ ముఖ్యవీధి స్ట్రోయెట్‌లో కార్లను ఆపేశారు. చలిదేశంలో వీధిన కూర్చునేవాళ్లు ఎవరు, ఇదేమైనా ఇటలీయా అని ఊరంతా నవ్విపోయింది. ఆరుబయట కూర్చుని తాగడం మా సంస్కృతి కాదన్నారు. ఇప్పుడు అక్కడ దుప్పటి కప్పుకొని మరీ బయట కూర్చుంటారు. అలవాటు వీధి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయిందో, వీధే అలవాటును కన్నదో మీరే చెప్పండి.

బోర్డు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను.

నిలువుగీత | మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 11:00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కప్పుకు పలకలు అన్నప్పుడు సంస్థవాళ్లు డబ్బు లేదన్నారు. సగం కప్పుకే వేస్తే మోత ఎన్ని సెకన్లకు దిగుతుందని అడిగితే శబ్దగ్రహి గారు విడిగా లెక్కకట్టి ఇచ్చారు, నిండు హాల్లో 1.2 సెకన్లు. దానికి ఒప్పుకున్నారు, వచ్చే నెల పని. కుర్చీల బోల్టులు ఒక వైపు 40 విప్పించాను. ఊడ్చేవాళ్లు మొదటి రోజే నా మీద ఫిర్యాదు పెట్టారు, వాళ్ల బాధ న్యాయమైనదే. సాయంత్రానికి కుర్చీలు హాలంతా చెల్లాచెదురు. గోడ పక్కన పేర్చి వెళ్లమంటే కొందరు పేరుస్తున్నారు, కొందరు లేదు. ఇది తేలలేదు.

మెట్ల మీదివాళ్లు తిరిగి రాలేదు. దానికి బాధపడటం మానేశాను. ఆ మెట్ల పక్కన గిన్నె పెట్టుకోవడానికి ఒక గట్టు, పైన చిన్న నీడ గీస్తున్నాను. అనుమానం గారి కోసం కిటికీ వైపు తిరిగిన ఒంటి కుర్చీలు ఆరు ఉంచాను. రోజూ మొదట నిండేవి అవే.

బోర్డు తీయడానికి ఎవరికీ అధికారం లేదని తేలింది. దాన్ని ఎవరు పెట్టారో కూడా ఎవరికీ గుర్తు లేదు.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. వంటశాల గోడలో ఒక కిటికీ కొట్టించాను, మీటరున్నర వెడల్పు. వడ్డన కోసం కాదు, పెద్దగరిటె గారు చెప్పినట్టు ముఖాలు కనబడటానికి. రెండో రోజే ఒకావిడ తన కుర్చీని అక్కడిదాకా లాక్కెళ్లి, లోపల వండే ఆవిడతో మాట్లాడుతూ తిన్నది. మర్నాటికి ముగ్గురయ్యారు. ఇప్పుడు అక్కడ నిలబడే తింటున్నారు, కంచం చేత్తో పట్టుకొని. ఆ కిటికీకి బయటివైపు ఒక గట్టు పెడదామనుకుంటున్నాను. 35 సెంటీమీటర్ల వెడల్పు చాలా?

పెద్దగరిటె | శనివారం, ఉదయం 11:18

కంచం పడుతుంది, గ్లాసు పట్టదు. 45 చేయండి. ఎత్తు మోచేతి దాకా. అంచు గుండ్రంగా చెక్కించండి, లోపలి నుంచి అందించేవాళ్ల చేతులు గీసుకోకుండా.